ఆటకు పెట్టిన కొలబద్ద

ఇస్త్రీ మాస్టర్‌కి ఆటల కంపెనీలో పని ఇప్పించింది సొంత బావమరిదే. ఇప్పించడం మేలే, ఇప్పించిన తీరే పాపం. మన ఆట మామూలు జనానికి అర్థమవుతుందో లేదో చూడటానికి ఒక మనిషి కావాలని యజమాని అంటే, ఆ ఆటలో చిక్కుముళ్ళు రాసే బావమరిది చెయ్యెత్తాడు.

"మా అక్క మొగుడున్నాడు సార్. ఊరంతా గాలించినా అంతకన్నా మొద్దు దొరకడు. ఆయనకు అర్థమైతే గోడకు అర్థమైనట్టే."

గదిలో అందరూ నవ్వారు. అదే బావమరిది సాయంత్రం అక్క ఇంటికొచ్చి, "నీ తెలివి మీద నమ్మకంతో సిఫారసు చేశాను బావా, నా పరువు నిలబెట్టు" అన్నాడు.

మాస్టర్ నమ్మాడు. అత్తవారి వైపు ఆయన్ని తెలివైనవాడని అన్నవాళ్ళు అప్పటిదాకా లేరు. ఇవాళ జోకు చెబితే రేపు నవ్వే మనిషని పెళ్ళైన కొత్తలో ఎవరో అన్నారు, అదే ఖాయమైపోయింది. మాట వినగానే ఎగిరి పడకుండా కాసేపు నములుకునే అలవాటు ఆయనది. నోరు వేగంగా ఆడేవాళ్ళ మధ్య అది మొద్దుతనం కింద జమ అవుతుంది.

కంపెనీ తయారు చేస్తున్నది తెర మీద ఆడే ఆట కాదు. ఊరే బోర్డు, వీధులే గళ్ళు. గోడ మీద ఒక నంబరు కనిపిస్తుంది. ఫోన్ చేస్తే ఒక గొంతు పలికి, లోకంలో లేని ఒక సంస్థ వెబ్‌సైట్‌కి పంపుతుంది. అక్కడ బొమ్మలో దాచిన అక్షరాలు ఇంకో వీధికి తరుముతాయి. ఇలా తిరిగి తిరిగి, మాయమైపోయిన ఒక శాస్త్రవేత్తను కనిపెట్టాలి. ఇలాంటి కథల్లో మాయం కావడానికి శాస్త్రవేత్తలు తప్ప ఎవరూ దొరకరు. ఇస్త్రీ చేసేవాడు మాయమైతే వెతికేదెవరు, బట్టలిచ్చినవాళ్ళు తప్ప?

ఇది ఆట అని ఆటలో ఎక్కడా చెప్పకూడదన్నది అన్నిటికన్నా పెద్ద నియమం. "జీవితమే ఆట అయిపోవాలి, అదీ నా విజన్" అని యజమాని పూటకోసారి అనేవాడు. అందుకే చాటున అందరూ ఆయన్ని విజన్ సారు అనేవారు. జీవితం అప్పటికే జనాన్ని చాలినంత ఆడిస్తోందన్న కబురు ఆయనదాకా చేరినట్టు లేదు.

మొదటి పరీక్ష రోజు మాస్టర్‌ని బస్‌స్టాప్‌లో వదిలారు. ఆయన ఎక్కడ ఆగాడో, ఎక్కడ తికమకపడ్డాడో రాసుకోవడానికి ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి వెనకాల బయల్దేరింది. కనిపించకుండా వెంబడించాలని ఆమెకు చెప్పారు. దొరికిందేమో సన్నటి కరెంటు స్తంభం, వీపు మీదేమో లావాటి సంచీ.

"ఎండలో ఎందుకమ్మా, నాతోనే నడువు" అన్నాడు మాస్టర్ వెనక్కి తిరిగి.

"నేను లేననుకోండి సార్."

"సరేనమ్మా, లేవు. మంచినీళ్ళు కావాలా?"

ఆనాటి నుంచి ఆమె నీడమ్మాయి అయింది.

మాస్టర్ గోడ మీద నంబరు చూశాడు, చూసి వెళ్ళిపోయాడు. ఎవరిదో నంబరు, మనకెందుకు అన్నది ఆయన ఆలోచన. ఊళ్ళో బుద్ధున్న ప్రతివాడిదీ అదే. కంపెనీ మాత్రం తల పట్టుకుని, నంబరు కింద 'వెంటనే ఫోన్ చెయ్యండి' అని రాయించింది. రెండోసారి చేశాడు.

"నిన్నెవరు పంపారు?" అంది సమాధిలోంచి వచ్చినట్టున్న గొంతు.

"మా బావమరిదండీ."

అది ముందే రికార్డు చేసి పెట్టిన గొంతు. దాని పాఠం అది చదివింది. "అయితే నీకు ఎక్కువ సమయం లేదు."

"అవునండీ, షాపు తెరవాలి" అని మాస్టర్ పెట్టేశాడు.

వారం తిరక్కుండా ఆయన పని మీద ఆఫీసుకు వెళ్ళి మీటింగు గది బయట కూర్చున్నాడు. మధ్యలో ఉన్నది పలచటి చెక్క గోడ. లోపల ఆ ఫోన్ మాటలే వినిపిస్తున్నాయి. "అవునండీ, షాపు తెరవాలి" దగ్గర ఆపడం, మళ్ళీ వెనక్కి తిప్పడం, పొట్టలు పట్టుకుని నవ్వడం. "చెప్పానా సార్, మా బావ గోడ కన్నా ఒక మెట్టు కిందే" అంటున్నాడు బావమరిది. తననెందుకు పెట్టుకున్నారో మాస్టర్‌కి అప్పుడు తెలిసింది. ఆ జోకు రేపటిదాకా ఆగకుండా అక్కడికక్కడే అర్థమైంది.

పౌరుషం ఉన్నవాడైతే లేచి పోయేవాడు. మాస్టర్ దగ్గర అంతకన్నా ప్రమాదకరమైనది ఉంది, ఓపిక. ఆ బావమరిది నోటితోనే తనను తెలివైనవాడని అనిపించాలి. కంపెనీ ఉన్నా, మునిగినా ఆయనకు కావలసింది ఆ ఒక్క మాట.

ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాడి దగ్గర చిక్కుప్రశ్నల పుస్తకాలు ఏరుకొచ్చాడు. అక్షరాలు తారుమారు చేసి రాసే రహస్య లిపులు, బొమ్మల్లో మాటలు దాచే పద్ధతులు, అంకెల గారడీలు, ఏది దొరికితే అది. షాపంటే ఇంటి ముందు గదే. గంజి డబ్బాకు పుస్తకం ఆనించి, ఒక కన్ను పేజీ మీద, ఒక కన్ను బట్ట మీద పెట్టేవాడు. ఒకరోజు ఎవరిదో చొక్కా జేబు మాడింది.

"ఏమిటా వాసన?" అంది భార్య లోపల్నుంచి.

"చదువుకుంటున్నా."

"మన ఇంట్లో చదువు అంటుకోవడమంటే ఇదేనన్నమాట. ఈ వయసులో ఏం పరీక్ష రాస్తారు?"

"రాయడం కాదే. నన్నే పెట్టారు పరీక్షకి."

వానలు మొదలయ్యేసరికి మాస్టర్ ముళ్ళు విప్పసాగాడు. ఒకటి విప్పాడు, రెండు విప్పాడు. ఆ మాట వస్తుందని ఎదురు చూశాడు. వచ్చింది వేరే. "ఛ, ఇది బావకే వచ్చేసింది, తీసి పారేద్దాం" అన్నాడు బావమరిది. "మాస్టరే విప్పాడంటే పసిపిల్లల ఆటయిపోయింది, బిగించండి" అన్నాడు విజన్ సారు. బిగించారు. మాస్టర్ అదీ విప్పాడు. ఇంకా బిగించారు. ఆయన గెలిచిన ప్రతిసారీ ఆ గెలుపు ప్రశ్నకు అవమానమైంది గానీ ఆయనకు మెప్పు కాలేదు. అంత చదువుకున్న మనుషుల్లో, మొద్దు అనుకున్నవాడు మారి ఉంటాడేమోనని ఎవరికీ తోచలేదు. ఒకసారి మొద్దని తేలాక మళ్ళీ చూడటం దండగ కదా.

నీడమ్మాయికి మాత్రం తోచింది. కొత్తవాళ్ళను పిలిచి చూద్దామని మీటింగులో అంది. "కొలబద్ద మధ్యలో మార్చకూడదమ్మా, అది సైన్సు. పైగా గుట్టు బయటికి పొక్కుతుంది" అన్నాడు విజన్ సారు. కొలబద్దే పెరుగుతుంటే ఏ సైన్సూ కాపాడదు.

ఆట విడుదలకు కొద్ది రోజుల ముందు ఆమె మాస్టర్‌ని టీ కొట్టు దగ్గర పట్టుకుంది. "సార్, నిజం చెప్పండి. ఇవన్నీ మీకు చూడగానే వస్తున్నాయా? ఇంట్లో ఏమైనా చదువుతున్నారా?"

అవునంటే ఆట బాగుపడుతుంది, బావమరిది ఉద్యోగం నిలుస్తుంది. చెక్క గోడ వెనక మాత్రం మళ్ళీ నవ్వులే: మొద్దు పుస్తకాలు కొన్నాడట. మాస్టర్ గ్లాసు ఖాళీ అయ్యేదాకా మాట నమిలాడు.

"మా బావమరిదిని అడుగు తల్లీ. నా సంగతి ఆయనకే బాగా తెలుసు."

ఆమె వెళ్ళి అడిగింది. తిరిగొచ్చి సమాధానం దాచకుండా చెప్పింది. "మీరు చదివేది బట్టల మీద లేబుళ్ళేనన్నారు సార్."

"అంతేనమ్మా మరి" అన్నాడు మాస్టర్.

విడుదల సభలో విజన్ సారు మైకు పట్టుకుని, "మా దగ్గర ఒక అమాయకుడున్నాడు, ఆయనకే అర్థమైన ఆట మీకెందుకు కాదు?" అన్నాడు. జనం నవ్వారు. అమాయకుడు తానే ఇస్త్రీ చేసుకున్న చొక్కాలో వెనక వరసలో నిలబడి, అందరితో పాటు చప్పట్లు కొట్టాడు.

ఆడటానికి వచ్చినవాళ్ళు రెండో ముడి దాటలేదు. దాటలేక గోడ మీద కనిపించిన ప్రతి నంబరుకూ ఫోన్లు చేశారు. కుళాయిలు బాగుచేసే మనిషిని శాస్త్రవేత్త ఎక్కడని నిలదీశారు. "మీ ఇంట్లో పైపు పగిలితే వస్తా, తల పగిలితే నేనేం చెయ్యను" అని అతను ఫోన్ పెట్టేశాడు. జనం మోసం, దగా అని తిట్టి మానేశారు. కంపెనీ మూతపడింది. విజన్ సారు ఇంకో ఊళ్ళో ఇంకో విజన్ చూసుకున్నాడు. అలాంటివాళ్ళకు ఊళ్ళకేం కరువు. ముందే చెప్పిన నీడమ్మాయి కూడా వీధిన పడింది. ఆ ఒక్కదానికి మాస్టర్‌కి రెండు రోజులు ముద్ద దిగలేదు. రెండు రోజులే.

బావా బావమరుదులు ఆఖరుసారి కలిసింది ఆ తర్వాతే. ఎక్కడో ఇంటర్వ్యూ ఉందని చొక్కా తెచ్చాడు బావమరిది. నిలబడి చూస్తే అలమరలో మడత బట్టల పక్కన పుస్తకాల దొంతర కనబడింది.

"ఇవెవరివి?"

"నావే."

ఒకటి తీశాడు, తిరగేశాడు, ఇంకొకటి తీశాడు. తను రాసిన ముళ్ళన్నిటికీ తాళంచెవులు వాటిలోనే ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?"

"మీరందరూ నా ఫోన్ మాటలు పెట్టుకుని నవ్విన రోజు నుంచి."

బావమరిది ముఖం ఎర్రబడింది. "ఇంత తెలివి లోపల పెట్టుకుని నా కొంప ముంచావా బావా? ఒక్క మాట చెప్పుంటే ముళ్ళు వదులు చేసేవాణ్ణి కదా."

ఇన్నాళ్ళూ ఎదురు చూసిన మాట వచ్చింది, తిట్టు వేషంలో వచ్చింది. మాస్టర్ కాలరు తిరగేసి, ఇస్త్రీ పెట్టె ఆనించి, తీరిగ్గా నొక్కాడు.

"ఆ పిల్ల నన్నడిగింది, నిన్నూ అడిగింది. నువ్వు ఈ గడప దాకా వచ్చి నన్నడిగుంటే చెప్పేవాణ్ణి. అడక్కుండానే నా జవాబు నువ్వే చెప్పేశావు."