కొండ నీళ్ళ కోసం

మా అమ్మ నీళ్ళను ముందు వాసన చూసి, తరువాత తాగుతుంది. పెళ్ళిభోజనంలో గ్లాసు చేతికిచ్చినా అంతే. ముక్కు దగ్గర పెట్టుకుని, ఓ క్షణం ఆగి, అప్పుడు నోట్లో పోసుకుంటుంది. నాన్న కిడ్నీలు పాడై చనిపోయాక వచ్చిన అలవాటది. మా పుట్టింటివాళ్ళది జలంత్రకోట దగ్గర కొబ్బరితోటల మధ్య ఊరు. మా ఉద్దానం ప్రాంతంలో ఆ జబ్బు తొంగిచూడని వీధి లేదు. దానికి కారణం నీళ్ళేనా కాదా అన్నది పెద్దచదువులు చదివినవాళ్ళు ఇంకా తేల్చలేదు గానీ, అమ్మ ఎప్పుడో తేల్చేసుకుంది.

అందుకే దసరా సెలవుల్లో ఒకరోజు మహేంద్రగిరి కొండల వైపు కారులో వెళ్ళొద్దామని తమ్ముడు అన్నప్పుడు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మే అందరికంటే ముందు తయారైంది. ముందురోజే పలాసలో మా ఇంటికి వచ్చేసింది. చేతిలో మూతున్న ఖాళీ క్యాను.

"అదెందుకమ్మా?" అన్నాను.

"కొండ నీరు తెచ్చుకుంతానే. ఏ మందూ కలవని నీరు. ఒక్క పూటైనా బయం లేకుండా తాగాలని ఉన్నాది."

మా ఆయన కారు నడిపారు. పక్కన తమ్ముడు. వెనక నేనూ, అమ్మా, రెండో తరగతి చదివే మా అమ్మాయీ. మెళియాపుట్టి దాటి ఒడిశాలోకి వెళ్ళి, కొండదారి ఎక్కడం మొదలుపెట్టగానే మలుపులు వచ్చాయి. నాలుగో ఐదో మలుపు తిరిగేసరికి మా అమ్మాయి పొద్దున తిన్న ఇడ్లీలన్నీ నా ఒళ్ళోకి వచ్చేశాయి. అల్లం చట్నీతో సహా. కారంతా పుల్లటి కంపు. తమ్ముడు ముక్కు మూసుకుని అద్దం దించి తల బయట పెట్టాడే తప్ప ఒక చేయి వేయలేదు.

ఒక వంపు దగ్గర మా ఆయన కారు ఆపారు. అక్కడి నుంచి చూస్తే లోయ చాలా అందంగా ఉంటుందని చెప్పారు. ఉంటుందేమో. నాకు ముందు కనబడింది థర్మోకోల్ ప్లేట్ల గుట్ట. వాటి మీద ఎండిపోయిన బిర్యానీ మెతుకులు. ఒక కోతి ఎవరో పిల్లాడికి విప్పి పారేసిన డైపరును రెండు చేతులతో పట్టుకుని పీకుతోంది. లోపలి దూది మూతికి అంటుకుంటే నాకుతోంది. నేను మొహం తిప్పేసుకున్నాను.

చీర కుచ్చిళ్ళు తుడుచుకుని, తుడిచిన గుడ్డలన్నీ ఒక క్యారీబ్యాగులో వేసి మూతికట్టాను. ఎక్కడ పడేయాలో తెలియక చూస్తూ ఉంటే, మా ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని గిరగిరా తిప్పి లోయలోకి విసిరేశారు. అది చెట్ల కొమ్మలకు తగులుతూ కిందికి పోయింది.

"అదేటి బాబూ, అలగిసిరీసినారు?" అంది అమ్మ.

"కింద అంతా అడివే కదత్తా. ఎవలుంతారక్కడ?" అన్నారాయన చేతులు దులుపుకుంటూ.

ఇంట్లో రోజుకు రెండుసార్లు స్నానం చేసే మనిషి. కంచం పక్కన ఒక్క మెతుకు పడితే సహించని మనిషి. ఆ నిమిషంలో ఆయన పక్కన నిలబడాలనిపించలేదు నాకు.

జలపాతం దగ్గర ఇంకా ఘోరం. అర కిలోమీటరు దూరం నుంచే స్పీకర్ల మోత. రాళ్ళ మధ్య సీసా పెంకులు. నీళ్ళలోనే కూర్చుని కొందరు కోడిని కడుగుతున్నారు. ఈకలు నురగతో కలిసి మా కాళ్ళ దాకా వచ్చి, రాళ్ళకు అంటుకుని వణుకుతున్నాయి. మా అమ్మాయి నా భుజం దిగనంది. అమ్మ క్యాను చంకలో పెట్టుకుని నీళ్ళవైపు చూసింది.

"ఇక్కడొద్దమ్మా. పైకెల్దాం. పైన నీరు బాగుంతాది," అన్నాడు తమ్ముడు.

ఏటి పక్కనే కాలిబాట పట్టుకుని ఎక్కాం. తమ్ముడు ముందు, అమ్మ చేయి పట్టుకుని మా ఆయన, పిల్లతో నేను. రాళ్ళు పాకుడు పట్టి ఉన్నాయి. ఒకచోట పొదల్లోంచి పోయి బయటకు వచ్చేసరికి అమ్మ చీలమండ దగ్గర ఏదో నల్లగా మెరిసింది. జలగ. నా పాదం మీద ఇంకోటి, తాగి తాగి చింతగింజంత లావై ఉంది. భోజనం సంచిలోని ఉప్పు పొట్లం విప్పి చల్లితే మెలికలు తిరిగి రాలిపోయాయి. రక్తం మాత్రం సన్నగా ఆగకుండా కారుతూనే ఉంది. నాకు ఒళ్ళంతా పాకుతున్నట్టే ఉంది. మా అమ్మాయికి మాత్రం ఇదంతా ఆటగా ఉంది. "ఇంకోటి ఉందేమో సూడు మావా!" అని తమ్ముణ్ణి తొందరపెట్టింది.

అంత అవస్థపడి ఎక్కాక దొరికింది ఒక మడుగు. నిజంగానే బాగుంది. అడుగున గులకరాళ్ళు కనబడుతున్నాయి. మనిషి అలికిడి లేదు. అమ్మ చెప్పులు విడిచి, దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూసింది. తాగింది. మళ్ళీ తాగింది.

"తియ్యగా ఉన్నాయే," అంది. నాన్న పోయాక అమ్మ మొహం అంత తేటగా ఉండటం నేను చూడలేదు.

అందరం తాగాం. పులిహోర తిన్నాం. అమ్మ క్యాను నింపి మూత బిగించి, పసిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది.

తమ్ముడు పై బండ ఎక్కుతానని వెళ్ళాడు. కాసేపటికి పైనుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు. మా ఆయన పరుగెత్తారు. పిల్లను అమ్మ దగ్గర కూర్చోబెట్టి నేనూ ఎక్కాను.

బండ వెనక ఏరు మలుపు తిరుగుతుంది. దాని పైనే జలపాతం దాటి కొండెక్కిపోయే కారు రోడ్డు, కల్వర్టు. ఆ కల్వర్టు మీది నుంచి ఎవరో ఏదో కుక్కి కట్టిన యూరియా బస్తాలు దొర్లించేశారు. మూడో నాలుగో, నీళ్ళకు అడ్డంగా. ఒకటి చిరిగిపోయి ఉంది. కోళ్ళ షాపు చెత్త. కాళ్ళు, తలలు, పేగులు. తెల్లటి పురుగులు గిజగిజలాడుతూ, అన్నం పొంగినట్టు కదులుతున్నాయి. ఆ బస్తాలోంచి ఊరిన నీరే జిడ్డు తరకతో కిందికి, మా మడుగులోకి జారుతోంది. ఇప్పటిదాకా గాలి అటు వీయబట్టి కంపు మాకు తెలియలేదు.

నా నోట్లో పులిహోర రుచి మారిపోయింది. పక్కకు వంగి కక్కేశాను. ఎంత ఉమ్మినా ఆ నీళ్ళ తీపి నాలుక మీది నుంచి పోలేదు.

కిందికి వచ్చి ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పకపోతే ఆ క్యాను ఇంటికి వస్తుంది.

"అమ్మా, ఆ నీరు పారబొయ్యి," అన్నాను. ఎందుకో చెప్పాను.

అమ్మ అరవలేదు. మూత తీసి, క్యాను గడ్డిలోకి వంచింది. చివరి చుక్క దాకా వంచే ఉంచింది. తరువాత మా ఆయన వైపు చూసింది.

"పొద్దున మనమిసిరిందీ ఇలగే ఏ నీటిలోనో పడుంతాది బాబూ."

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు.

"ఇక ఎల్దామే," అన్నాడు తమ్ముడు, మూతి తుడుచుకుంటూ.

"ఏటి ఎల్లడం? కింద ఇంకెంతమంది తాగుతారో! అయి తీసి గట్టున పెట్టండి. నువ్వు తీత్తావా, నన్ను దిగమంతావా?"

అమ్మ కొంగు దోపుకుని లేచేసరికి ఇద్దరూ కదిలారు. విరిగిన కొమ్మలతో, ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని, బస్తాలను ఒక్కొక్కటే గట్టు మీదికి లాగారు. చిరిగిన బస్తా సగంలో విడిపోయి మా ఆయన మోకాళ్ళ మీద పడింది. ఆయన గొంతులోంచి వచ్చిన ఆ చప్పుడు నేను మరచిపోలేను. అయినా వదల్లేదు. బయటపడ్డదంతా చేతులతోనే ఎత్తి పైకి వేశారు. గట్టున పెట్టిన బస్తాలు వానొస్తే మళ్ళీ ఏట్లోకే పోతాయని మా అందరికీ తెలుసు. వాటిని ఎక్కడికి తీసుకువెళ్ళాలో మాత్రం ఎవరికీ తెలియలేదు.

దిగి వచ్చేటప్పుడు కారు అద్దాలన్నీ తెరిచే ఉంచాం. ప్రయోజనం లేదు. మెళియాపుట్టిలో టీ తాగుదామని ఆగితే, బడ్డీ నడిపే ఆవిడ మేం దగ్గరికి రాగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో, ఏటమ్మా ఈ కంపు? అటేపు నిలబడండి, టీ నేనే అట్టుకొత్తాను."

మేం రోడ్డు అవతల వేపచెట్టు కింద వరసగా నిలబడ్డాం. అటు పోయేవాళ్ళు మమ్మల్ని చూసి పక్కకు తప్పుకుని పోతున్నారు. మా ఆయన గ్లాసు పట్టుకున్న వేళ్ళను మొహానికి దూరంగా చాచి, మెడ వంచి టీ తాగడానికి ప్రయత్నిస్తున్నారు. అది చూసి అమ్మకు నవ్వొచ్చింది. ముందు ఆపుకుంది. తరువాత ఆపుకోలేకపోయింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వి, "ఇటివ్వండి బాబూ," అని ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని, చిన్నపిల్లాడికి పట్టినట్టు ఆయన నోటికి పట్టింది.