మత్తడి తెగిన పొద్దున

ఫూల్‌సింగ్ సంగతి చెప్పబోతే ముందు మా ఊరివాళ్ల మీద ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

బాన్సువాడ చుట్టూ కాలువ నీళ్లు పారతాయని పేరే గానీ, మా మెట్ట మీదికి చుక్క ఎక్కదు. మాకున్నదల్లా లంబాడీ తండా పక్క కుంట. మట్టికట్ట, ఒక తూము, నిండితే మిగులు నీళ్లు పొర్లిపోవడానికి రాళ్లు పేర్చిన మత్తడి. వానాకాలంలో ఆ కుంట నిండితేనే రెండో పంటగా యాసంగి వరి.

ఆ కట్టను చూసుకున్నది తండా మనిషి ఫూల్‌సింగ్ ఒక్కడే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ జీతమివ్వలేదు. తుమ్మ మొలిస్తే పీకేవాడు. ఎండ్రకాయల బొక్కలు పూడ్చేవాడు. మావాళ్లు అదే కట్ట మీద తాగి సీసాలు పగలగొట్టేవాళ్లు, కోళ్ల ఈకలూ పేగులూ మూటలుగా పడేసేవాళ్లు. పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్లేదీ అక్కడికే. అవన్నీ అతనే ఎత్తిపోసేవాడు. ఊరి పెంటంతా నీదేనా అని భార్య ధర్మి తమ భాషలో తిట్టేది.

కుంట లోపల, నీళ్లు నిలవాల్సిన భూమిలో, మా ఊరి దేవిదాస్ నాట్లు వేశాడు. మొన్నటి వానలకు కుంట నిండి ఆ వరి మునిగింది. తన వరి తేలాలని తెల్లారేసరికి జేసీబీ తెచ్చి మత్తడిని అడుగుదాకా తవ్వించాడు.

ఫూల్‌సింగ్ ఖాళీ యూరియా బస్తాలు మోసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఉరికి రాండ్రి! మట్టి నింపుండ్రి! యాసంగికి చుక్క మిగల్దు!" అని అరిచాడు.

ఊరంతా వచ్చింది. బస్తాలు అందుకున్నారు కూడా. పాపం, అతని ముఖం వెలిగింది. కానీ మత్తడి కింద చేపలు ఎగురుతున్నాయి. మట్టికని ఇచ్చిన బస్తాల్లో మావాళ్లు చేపలు నింపుకున్నారు! దోమతెరలు వచ్చాయి, చీరలు వచ్చాయి. కుంట కిందే పొలమున్న పూలమ్మ ఒక కొర్రమట్ట కోసం సొంత మరదలి జుట్టు పట్టుకుంది.

దేవిదాస్ గట్టు మీద నిలబడి నవ్వాడు. "సూసినవా ఫూల్‌సింగ్, ఎవలన్న ఏడుస్తుండ్రా?"

అతను ఒక్కడే దోసిళ్లతో మట్టి పోస్తుంటే ఏం ఆగుతుంది? మధ్యాహ్నానికి కుంట బురదైంది. ఎండకు చచ్చిన చేపపిల్లలు కంపు కొట్టాయి. అతనికున్నది కుంట కింది ఎకరమొక్కటే. ఆ గండి పక్కనే కూలబడి, బురద చేతులతోనే ముఖం కప్పుకుని ఏడ్చాడు.

అప్పుడొచ్చాడు సమ్మన్న, అతని పక్క పొలం వాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"అన్నా, ఇగో నీ వాటా. నిన్ను మర్సిపోతమా!"

ఫూల్‌సింగ్ లేచాడు. కవరు తీసుకుని బురదలో బోర్లించి, తండా దారి పట్టాడు.

సమ్మన్న పొలానికీ ఆ కుంటే దిక్కు. అయినా వాడు వంగి ఒక్కో చేపా ఏరి, లుంగీకి తుడిచి, మళ్లీ కవర్లో వేసుకున్నాడు. నేను చూస్తున్నానన్న సిగ్గు కూడా లేదు.

"ఇంక పానంతోనే ఉన్నయి" అన్నాడు నాతో.