ఖర్జూరం మలీద

నిన్న మస్కట్ బౌషర్‌లోని మా ఫ్లాట్‌లో వేడి రొట్టెలు తుంచి, నెయ్యిలో మెత్తబడ్డ ఖర్జూరం వేసి పిసుకుతుంటే, ఆ వాసనకు నా చెయ్యి ఆగిపోయింది. సద్దుల బతుకమ్మ మలీదకు బెల్లం కదా వేసేది అంటారు. నిజమే, బెల్లం దొరికే ఊళ్లో.

నేను పెరిగింది ఈ ఒమాన్‌లోనే షినాస్‌లో, ఎండుచేపల వాసనా మేతగడ్డి వాసనా కలిసి వీచే సముద్రపు ఒడ్డున. నాన్న అక్కడ దర్జీ. జగిత్యాల నుంచి వచ్చిన అమ్మకు పండగ దగ్గర పడుతోందంటే దిగులే. తంగేడు లేదు, గునుగు లేదు, అన్నిటికన్నా బతుకమ్మ చుట్టూ తిరగడానికి మనుషులు లేరు. ఓ సాయంత్రం పక్క వాటాలో ఉండే కడప ఖైరున్ ఆంటీ కొంగు దోపుకుని వచ్చింది.

"ఏం మే, మమ్మల్ని మనుషుల్లో లెక్కెయ్యవా? నువ్వు పాడు, చప్పట్లు నేను కొడతా."

"నీకు పాట రాదు గదక్కా?"

"నీకు మాత్రం గొంతుందా యేంది!"

ఆ ఏటి నుంచి వాకిలి నిండింది. ఇంటి ఓనరుగారి తల్లి, ఒమానీ ముసలమ్మ, అమ్మ నోట 'పెద్దమ్మ' అయిపోయి, తోటలోని పచ్చ గన్నేరు, కాగితం పూలు, మేతగడ్డికి పూసిన ఊదా పూలు తట్టనిండా తెచ్చేది. మలయాళీ నర్సు డ్యూటీ బట్టల్లోనే వచ్చి తిరిగేది. వీధి బోర్డుల మీద అరబిక్కు, ఇంగ్లీషు రెండే. మా వాకిట్లో ఎన్ని భాషలో! ఒక ఏడు ఎక్కడా బెల్లం దొరక్క అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే, పెద్దమ్మ ఖర్జూరాల డబ్బా తెచ్చి రొట్టెల మీద కుమ్మరించి "యల్లా", ఇక కానియ్యి, అంది. తర్వాత బెల్లం దొరికినా అమ్మ ఖర్జూరమే వేసింది. మొదటి గిన్నె పెద్దమ్మకే. తలుపు కొట్టడం లాంటివేం లేవు, అమ్మ తిన్నగా వాళ్ల వంటింట్లోకే పోయేది.

పని పోయి ఆంటీ వాళ్లు కడప చేరారు. పెద్దమ్మ కాలం చేసింది. ఆ వాటాలు కూల్చి దుకాణాలు కట్టారు.

ఇప్పుడు మస్కట్‌లో మనవాళ్లకు కొదవలేదు. పెద్ద హాలు, మైకులు, విమానంలో వచ్చిన తంగేడు. మంది లేనప్పుడు అందరినీ పిలిచాం, మంది అయ్యాక ఎవరినీ పిలవడం లేదు.

నిన్న మొదటి గిన్నె పట్టుకుని ఎదురు ఫ్లాట్ ఒమానీ వాళ్ల తలుపు ముందు నిలబడ్డాను. వాళ్ల సాంబ్రాణి వాసన రోజూ మా ఇంట్లోకి వస్తుంది.

"ఈ ఇంటి ఆంటీ పేరేంటమ్మా?" అంది వెంట వచ్చిన మా అమ్మాయి.

తెలియదు. ఇన్నేళ్లలో అడగలేదు. అమ్మకు అరబిక్ ఒక్క ముక్క రాదు, నాకు బాగా వచ్చు. గంట నొక్కకుండానే గిన్నెతో వెనక్కి వచ్చేశాను.