భూమక్క మూసిన చిల్లు

చిల్లు కనిపిస్తే భూమక్క చెయ్యి ఊరుకోదు. కామారెడ్డి బస్టాండు వెనక మిషన్ పెట్టుకుని ఇరవై రెండేళ్లయింది. జాకెట్టు గుడ్డ తెచ్చిన సంచికి చిల్లున్నా సరే, అడక్కుండానే కుట్టి ఇస్తుంది. అదొక పిచ్చి, అంతే.

ఆ పిచ్చే కొంప ముంచింది. కాలేజీలో చదివే ప్రవళిక గుండ్రంగా కత్తిరించిన నైలాన్ గుడ్డ తెచ్చింది. పెద్ద బెలూన్‌కు రేడియో డబ్బా కట్టి ఆకాశంలోకి వదులుతారట. పైన బెలూన్ పగిలాక డబ్బా మెల్లగా దిగడానికి ఇది పారాచూట్, అంచులు కుట్టిపెట్టమంది. నడుమ సాసరంత చిల్లు. పాపం పిల్లలకు కత్తెర జారిందనుకుని భూమక్క అదే రంగు గుడ్డతో మూసేసింది. అతుకు కనపడనివ్వకపోవడమే ఆమె నేర్పాయె! తాళ్లు కట్టే తొందరలో ఎవరూ చూసుకోలేదు.

బెలూన్ బాగానే ఎగిరింది. దిగేటప్పుడు ఎల్లారెడ్డి వైపు ఎక్కడో రేడియో మూగబోయింది. మూడు రోజులు వెతికినా డబ్బా దొరకలేదు. రేడియో చేసింది ప్రవళిక కాబట్టి అందరూ ఆమెనే అన్నారు. పిల్ల రేడియో ముట్టడమే మానేసింది.

రెండు నెలలకు ఎల్లారెడ్డి దగ్గర రాములు అనే రైతు, చెరకు కొడుతుంటే దొరికిందని డబ్బా మీది నంబరుకు ఫోన్ చేశాడు. ప్రవళిక తోడు రమ్మంటే భూమక్క బస్సెక్కింది.

"పారాచూట్ నడుమ పొక్క ఎందుకుంటదో తెల్సా అక్కా?" దారిలో ప్రవళిక అంది. "గాలి అందులకెల్లి పోతేనే డబ్బా ఊగకుంట దిగుతది. ఊగితే ఏరియల్ తీగ తెగుతది."

తను మూసింది ఆ పొక్కనేనని భూమక్కకు అప్పుడు తెలిసింది. ఊరొచ్చినా ఆ సంగతి చెప్పలేదు. ఇరవై రెండేళ్ల పేరు మరి!

రాములు డబ్బానూ, మట్టి పట్టిన పారాచూట్‌నూ అరుగు మీద పెట్టాడు. ప్రవళిక డబ్బా విప్పుతోంది. భూమక్క చేతిలో పారాచూట్ ఉంది, సంచిలో చిన్న కత్తెర ఉంది. నాలుగు కుట్లు విప్పేస్తే ఎవరికీ తెలియదు.

"తీగ తెగింది. నేనే సరిగ అతకలే," అంటూ పిల్ల కళ్లు తుడుచుకుంది.

భూమక్కకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఏడ్వకు బిడ్డా. ఆ పొక్క మూసింది నేనే," అని గుడ్డ పరిచి చూపించింది. "చినిగిందనుకున్న. బస్సులనే ఎర్కయింది, చెప్పనీకి భయమైంది."

ప్రవళిక అతుకు మీద వేలు పెట్టి చూసింది. తీగ అతికి, కొత్త బ్యాటరీ వేసింది. డబ్బా పంపిన సిగ్నల్‌కు, తను వెంట తెచ్చిన వాకీటాకీ కీచుమంది. రెండు నెలల తర్వాత పిల్ల ముఖంలో నవ్వు.

వెంటనే కాలేజీ వాళ్లకు ఫోన్ కలిపింది. "నా రేడియో మంచిగనే ఉన్నది!"

"మరి తప్పెవరిది?" అడిగారు అవతలివాళ్లు.

ప్రవళిక భూమక్క వైపు చూసింది. భూమక్క ఫోన్ లాక్కుంది.

"నాది. టైలర్ భూమక్కను మాట్లాడుతున్న. ఇంక ఈ పిల్లనేమన్న అన్నరో, మీల ఒక్కరి బట్టలు గూడ ముట్ట."