ఒక్క కంప్యూటర్‌కే కట్టేసిన పుస్తకం

నేను రెండో తరగతితోనే బడి మానేశాను. అయినా కొన్న పుస్తకం కొన్నవాళ్ళదేనని నాకు తెలుసు. ఆ మాట కాదన్న పుస్తకాన్ని మాత్రం ముసలితనంలోనే చూశాను.

నా కోడలు నర్సు చదువు ముగించి సర్కారు దవాఖాన ఉద్యోగానికి పరీక్ష రాయబోతోంది. కొడుకు దుబాయిలో ఉన్నాడు. పరీక్షకు కావలసిన పెద్ద పుస్తకం నిజామాబాద్ దుకాణంలో సీడీగా దొరికింది. మా ఇంట్లో కంప్యూటర్ లేదు. అందుకని ఆర్మూర్ బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో ఎక్కించుకుని, మనవణ్ణి నాకప్పగించి రోజూ అక్కడికెళ్ళి చదివేది. గంటకింతని కట్టివస్తుంటే నా కడుపు మండేది. కొడుకు సెలవుకొస్తూ ల్యాప్‌టాప్ తెచ్చినప్పుడు, ఆ ఖర్చు తప్పిందని అందరికంటే నేనే సంతోషించాను.

సీడీ వేస్తే పుస్తకం తెరుచుకోలేదు. మొదట ఎక్కించిన కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదట. అలా తాళం వేసి అమ్ముతారట. నెట్ సెంటర్‌కు పోయి చూస్తే, ఆ పాత కంప్యూటర్ కాలిపోయిందని తీసేశారు. పరీక్ష ముంచుకొస్తోంది.

"ఫికర్ చెయ్యకు అక్కా," అన్నాడు నెట్ సెంటర్ నడిపేవాడు. "తాళం పలగ్గొట్టిన కాపీ నా తాన ఉన్నది. చాయ్ పైసలియ్యి, చాలు."

"తీస్కో పిల్లా," అన్నాను కోడలితో.

"వద్దత్తమ్మా. దొంగ కాపీ పట్టుకుంటే, అమ్మినోళ్ళు గీళ్ళకు తాళమేసుడే మంచిదంటరు. పైసలిచ్చి కొన్నం, దాసుకొని చదువుడెందుకు? అమ్మినోన్నే అడుగుదాం పా."

తెల్లారి నిజామాబాద్ బస్సెక్కాం. దుకాణదారుడు సీడీని తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు.

"సీలు తీసినంక వాపస్ లేదమ్మా. షరతులన్నీ సీడీల రాసే ఉన్నయి."

"సీలు తియ్యకుంట సీడీలున్నది ఎట్ల చదవాలె సార్?" అంది కోడలు.

అదే సీడీ కొనడానికొచ్చిన ఇద్దరు ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. నా నోరూ ఆగలేదు.

"మా ఆర్మూర్ల పసుపు ఇత్తనం అమ్మినోడు, గీ మడిల్నే పెట్టు, పక్క మడిల మొలువదంటే, మల్ల వాని మొకం ఎవలన్న చూస్తరా?"

"నన్నంటవేంది పెద్దమ్మా? నేను తయారు చేసిన్నా దాన్ని?"

"చేసినోళ్ళకు మీరే చెప్పాలె సార్. మాకు వాళ్ళ గడప తెల్వది, మీ గడపే తెలుసు," అంది కోడలు. గొంతు పెంచలేదు. ఆ పిల్లల వైపు తిరిగి, "చెల్లె, కొనేముందుగాల తాళమున్నదా లేదా అడుగుండ్రి. కంప్యూటర్ ఖరాబైతే గిది గూడ పోతది," అంది.

వాళ్ళు చేతిలోని సీడీని తిరిగి అరలో పెట్టేశారు. దుకాణదారుడి ముఖం వాడింది. లోపలికెళ్ళి, అదే పుస్తకం అచ్చు వేసినది, అట్ట చిరిగినది తెచ్చి, సీడీ వాపసు తీసుకుని అది ఇచ్చాడు. దసరానాడు పాలపిట్టను చూసినట్టు చూశాను నా కోడలిని.

మా దగ్గర పసుపు విత్తనం కుళ్ళిపోయినవాళ్ళకు పక్కింటివాళ్ళు కొమ్ములిస్తారు. పంటొచ్చాక తీసుకున్నవాళ్ళు అంతే కొలిచి తిరిగిస్తారు. కోడలు పుస్తకాన్నీ అలాగే చూసింది. వేల్పూర్ పిల్ల ఒకామె అదే పరీక్ష రాస్తోందని తెలిసి, తను చదివిన భాగాన్ని విడదీసి ఇచ్చింది.

"నీ నౌకరి గామెకు పోతే?" అని గద్దించాను.

"పోతే పోనియ్యి. తాళమేసినోళ్ళను తిట్టొచ్చి, నేను తాళమేస్తనా అత్తమ్మా?"

కోడలికి ఉద్యోగం వచ్చింది, వేల్పూర్ పిల్లకు రాలేదు. మళ్ళీ రాస్తానంటే మిగతా భాగాలూ ఇచ్చి, పుస్తకం మొత్తం ఆమె దగ్గరే ఉంచమంది కోడలు. ఆ పిల్లకూ ఉద్యోగమొచ్చాకే అది మా ఇంటికి చేరింది. పసుపు కల్లంలో పనిచేస్తూ చదివినట్టుంది, పేజీల అంచుల నిండా పచ్చని వేలిముద్రలు. చేతులు కడుక్కోనందుకు తిట్టాను. ఆ తర్వాత మోర్తాడ్ పిల్ల ఒకామె పరీక్షకని అడిగితే, దబ్బనం తీసి, విడిపోయిన భాగాలన్నీ కలిపి కుట్టి ఇచ్చాను.