పులి పళ్ళు

సాలూరు నుంచి విజయనగరం వచ్చే బస్సులో నా ఒళ్ళో ఒక పులి తల, పక్క సీటాయన ఒళ్ళో ఇంకో పులి తల. రెండూ అమ్మవారి పండగ పులివేషాలకి చేసినవే.

నా పులి పళ్ళు ఖరీదైన ఎపాక్సీ రెజిన్‌ని అచ్చులో పోసి తీసినవి. ఎన్నేళ్ళయినా పచ్చబడని రకం. ఒక్క బుడగ లేదు. ఆయన పులి పళ్ళు మాత్రం పసుపు తిరిగి, ఒకటి కొస విరిగి, ఇప్పుడే ఎవర్నో కొరికి వచ్చినట్టున్నాయి. చూసిన క్షణం నుంచి నాకు కడుపులో ఒకటే మంట.

"ఏం రెజినండీ అది?" అనడిగాను.

"ఏటుంది బాబూ, మా భావనపాడులో పడవలకి పూస్తారు సూడు, ఆ పాలిస్టరే. డబ్బా అడుగున మిగిలింది పోసేను."

"అది పెళుసు కదా, విరిగిపోతుంది," అన్నాను, కాస్త గట్టిగానే.

"ఇరిగింది," అన్నాడు, ఆ పంటిని ముద్దుగా తడుముతూ. తర్వాత నా పులి నోట్లోకి తొంగిచూసి, "పులి రోజూ పళ్ళు తోముకుంటాదేటి బాబూ?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు.

ముందు సీట్లో తల్లి భుజం మీది పసిపిల్ల ఆయన పులిని చూసి గుక్కపట్టి ఏడ్చింది. తల్లి ఇటు తిప్పగానే ఏడుపు మానేసి, నవ్వుతూ నా పులి పళ్ళు పట్టుకోబోయింది.

ఆయన గజపతినగరంలో దిగిపోయాడు. అప్పట్నుంచి నేనూ పడవ రెజినే పోస్తున్నాను. కొసలు నేనే విరగ్గొడుతున్నాను. తయారైన ప్రతి పులినీ మా వీధి పసిపిల్లలకి చూపిస్తున్నాను.

ఇంతవరకూ ఒక్కరూ ఏడవలేదు.