పదిమందిని పోగేసిన పెద్దమ్మ

సోమవారం పొద్దున కాలేజీ బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "పెద్దమ్మ పోయిందే," అంది. కంటి ఆపరేషన్ కోసం నెల రోజులు సెలవు పెట్టి, గుంటూరు దగ్గర తన చెల్లెలింటికి వెళ్లిన మనిషి. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆదివారం అన్నం తిని పడుకుంది, తెల్లవారి లేవలేదు. మా ఆచారంలో పోయినవాళ్లను ఆలస్యం చేయకుండా మట్టి చేస్తారు. సాయంత్రానికల్లా అక్కడ అంతా అయిపోయింది. మస్కట్ నుంచి మాలో ఎవరికీ బయల్దేరే వీలు లేకపోయింది.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మేమందరం ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవాళ్లం. మస్కట్‌లోని రువిలో ఒక క్లినిక్‌లో ఆయాగా పనిచేసేది. హమ్రియాలో ఒక పాత భవనం రెండో అంతస్తులో ఆమె రూమ్. ఆ రూమే మా సమాజమందిరం.

మా వైపు ఊళ్లలో కొన్ని కుటుంబాలు యూదు మతాన్ని పాటిస్తాయి. తెలుగు యూదులు కూడా ఉంటారా అని కాలేజీలో నన్ను అడుగుతుంటారు. ఉంటారు, కొద్దిమంది. ఒమన్‌లో అయితే మరీ కొద్దిమందిమి. ఎవరి దగ్గరా దాచలేదు, ఎవరికీ చాటుకోలేదు. శుక్రవారం చీకటి పడకముందే పెద్దమ్మ రూమ్‌కి చేరి దీపాలు వెలిగించుకుని, ప్రార్థన చేసుకుని, కలిసి తిని ఇళ్లకు వెళ్లేవాళ్లం. షబ్బాత్ అనే మా వారాంతపు విశ్రాంతి దినం మొదలయ్యాక బండి ఎక్కకూడదని ఎవరైనా గుర్తుచేస్తే, "బర్కా నుంచి నడిచి రమ్మంటే ఎవుడొస్తాడు? దూరాలు పెట్టినోడికి తెలియదా ఆ సంగతి," అనేది.

భోజనాలయ్యాక ఆమె కళ్లజోడు పెట్టుకుని లేచి నిలబడేది. అది ప్రకటనల వేళ. వచ్చే వారం ఎక్కడ కలుస్తున్నాం, ఏ పండుగ వస్తోంది, ఎవరికి ఏ సాయం కావాలి అన్నవి ఒక కాగితం మీద ఉండేవి. ప్రార్థనలో కునికిపాట్లు పడినవాళ్లు కూడా ప్రకటనలప్పుడు నిటారుగా కూర్చునేవారు, ఏ పని తమ మీద పడుతుందోనని.

ఆ కాగితం రాసే పని రెండేళ్ల కిందట నాకు ఇచ్చింది. అప్పుడే నాకు తెలుగు పుస్తకాల పిచ్చి పట్టింది. చదివిన ప్రతి మంచి మాటనూ ఎక్కడో ఒకచోట వాడాలని తహతహగా ఉండేది. మొదటి ప్రకటన ఇలా రాశాను: "సహృదయులైన సభ్యులందరూ తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి సేవాకార్యక్రమాలలో పాలుపంచుకోవలసినదిగా ప్రార్థన."

పెద్దమ్మ రెండుసార్లు చదివింది.

"ఈ సహృదయులు ఎవరే? మన రూమ్‌కి వస్తారా వాళ్లు?"

"అంటే మనవాళ్లే పెద్దమ్మా."

"మనోళ్లయితే మనోళ్లకి అర్థమయ్యేట్టు రాయి. సాయం కావాలి అని రాశావనుకో, అందరూ పక్కోడి మొహం చూస్తారు. పనేందో రాయి. ఎవరి కోసమో రాయి. ఎంతసేపో రాయి. చాలు."

ఆ వారం ఖురియాత్‌లో ఉండే ఒక అక్కకు బిడ్డ పుట్టి పది రోజులైంది. నేను తిరిగి రాశాను: "కావలసినవాళ్లు: ఇద్దరు. పని: ఖురియాత్ అక్క నిద్రపోయేటప్పుడు బిడ్డను ఎత్తుకోవడం. ఎంతసేపు: శనివారం మూడు గంటలు." చదవగానే నాలుగు చేతులు లేచాయి. నేను మురిసిపోతుంటే పెద్దమ్మ నా మోచేతిని పొడిచింది. "చూస్తావేందే, పేర్లు రాసుకో. చెయ్యి దించాక మనిషి మారిపోతాడు."

పుస్తకాలు నాకు మాటలు ఇచ్చాయి. ఏ మాట ఎవరి చేతిని పైకి లేపుతుందో చూపించింది మాత్రం ఆమే.

పందిరి పండుగ అంటే ఆమెకు ప్రాణం. ఏడు రోజులు ఆకుల పందిరి కింద తినాలి. భవనం యజమానిని అడిగి డాబా మీద వేసేవాళ్లం. బర్కాలో తోటపని చేసే అన్న ఒకాయన ఖర్జూరపు మట్టలు పికప్ నిండా తెచ్చేవాడు. ఊళ్లో పెళ్లిపందిళ్లు వేసిన చేయి అతనిది. ఓ ఏడాది మట్టలు ఎంత దట్టంగా పరిచాడంటే కింద మిట్టమధ్యాహ్నం లైట్ వేసుకోవాల్సి వచ్చింది. పెద్దమ్మ తల పైకెత్తి చూసింది.

"పెళ్లి ఎవరిదిరా?"

"ఏంది పెద్దమ్మా, ఎండ తగలకుండా గట్టిగా వేస్తే తిడతావు?"

"మన పందిట్లో కూర్చుంటే చుక్కలు కనపడాలని తెలీదూ? సగం తీయ్."

అన్న గొణుక్కుంటూ సగం మట్టలు తీశాడు. ముళ్లు గుచ్చుకున్న అతని వేళ్లకు ఆమే కూర్చుని పసుపు రాసింది. రాస్తూ, "వచ్చే ఏడు కూడా ఇట్టాగే దట్టంగా వెయ్యి, నీకిట్టా పసుపు రాయడం బాగుంది," అని నవ్వించింది.

ఇంత చిన్న సమాజానికి ఒక పెద్ద చిక్కు ఉంది. పోయినవాళ్ల కోసం మేం చదివే కడ్డిష్ అనే ప్రార్థనకు పదిమంది ఉండాలి. తొమ్మిది మందికి చెల్లదు. కొన్నిచోట్ల మగవాళ్లనే లెక్కిస్తారట. "మగాళ్లనే ఏరుకుంటా కూర్చుంటే మన ఆమెన్ సముద్రంలో కలిసిద్ది," అని పెద్దమ్మ ఆడవాళ్లనూ కలిపేసింది. అయినా పదిమంది కావడం కష్టమే. పైగా మనుషుల్ని ఒకటి, రెండు అని వేలు పెట్టి లెక్కించకూడదని మా ఆచారం. అందుకని ఆమె పళ్లెంలో పది టీ గ్లాసులు పెట్టుకుని తిరిగేది. పళ్లెం ఖాళీ అయితే పదిమందిమి ఉన్నట్టు.

ఈ పది సంగతి మా ఇంట్లో ఒక పుండు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా నాయనమ్మ ఊళ్లో పోయింది. నాన్నకు సెలవు దొరకలేదు. ఇక్కడైనా తల్లి కోసం ప్రార్థన చదువుకుందామనుకున్నాడు. పెద్దమ్మ తెలిసిన ప్రతి తలుపూ తట్టింది. చివరికి ఆరుగురే తేలారు. నాన్న కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడట. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ పైకి రాలేదు.

పెద్దమ్మ మాత్రం ఆ రోజు నుంచి మనుషుల వేటలో పడింది. క్లినిక్‌కి వచ్చినవాళ్ల ఊరు అడిగేది, ఇంటిపేరు అడిగేది. బర్కా అన్న అలా దొరికినవాడే, వేలికి కట్టు కట్టించుకోవడానికి వచ్చి. ఖురియాత్ అక్కా అంతే. ఒక్కొక్కరినీ కూడబెట్టి తనతో కలిపి పదిమందిని చేయడానికి ఆమెకు ఏళ్లు పట్టింది. పదోమనిషి ఎప్పుడూ ఆమే, ఎందుకంటే చివరి గ్లాసు తనకు ఉంచుకునేది.

నాన్నను పైకి పిలుద్దామని నేను చాలాసార్లు అన్నాను. "వద్దు. పిలిస్తే రాడు. పని చెప్తే వస్తాడు," అనేది పెద్దమ్మ. అందుకే ప్రతి ప్రకటనలో "కారు: కింద ఉన్నాయన" అని ఒక వరుస ఉండేది. మనుషుల్ని తెచ్చి దించడం నాన్న పని. పైన ప్రార్థన జరుగుతున్నంతసేపూ కింద కడప సాయిబు టైలర్ షాపులో కూర్చునేవాడు. పెద్దమ్మ నాన్నకూ, సాయిబుకూ కూర గిన్నె పంపేది. కడిగిన గిన్నె తిరిగొచ్చేది, నాన్న వచ్చేవాడు కాదు.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. నిరుడు బర్కా అన్న తండ్రి పోయి ఏడాది అయింది. తండ్రి పోయినప్పుడు అన్న వెళ్లలేకపోయాడు. ఏడాది రోజున పదిమంది మధ్య నిలబడి కడ్డిష్ చదవాలన్నది అతని కోరిక. అర్బాబ్‌ని, అంటే తోట యజమానిని, బతిమాలి సెలవు అడిగాడు. పెద్దమ్మకు ఆ వారం డ్యూటీలు ఎక్కువగా ఉండి, "బుధవారం అని రాసి అందరికీ పంపు," అని ఫోన్లో చెప్పింది. పనులు ముగించుకుని అందరూ రావాలి కదా అని నేను "బుధవారం సాయంత్రం ఏడు గంటలకు" అని రాసి పంపాను.

అందరూ వచ్చారు. పెద్దమ్మ క్లినిక్ నుంచి నేరుగా వచ్చి, కిటికీలోంచి బయటి చీకటి చూసి నన్ను వంటగదిలోకి లాగింది.

"నేను బుధవారం అన్నా. సాయంత్రం యాడ నుంచి తెచ్చావే?"

అప్పుడు నాకు వెలిగింది. మాకు రోజు పొద్దుగూకడంతో మొదలై మళ్లీ పొద్దుగూకడంతో ముగుస్తుంది. మా బుధవారం మంగళవారం సాయంత్రమే వచ్చి, గంట కిందట వెళ్లిపోయింది. చిన్నప్పటి నుంచి తెలిసిన విషయం.

"నువ్వు చెప్పు పెద్దమ్మా, నేను చెప్పలేను."

"రాసింది నువ్వు. నువ్వే చెప్పాల. నేను నీ పక్కనే నిలబడతా, పద."

నేను చెప్పాను. అన్న తల వంచుకుని విన్నాడు. తల ఎత్తి, "మా నాయన బతికుండగా నేను ఒక్కరోజన్నా చెప్పిన టయానికి ఇంటికి పోలేదులే అమ్మాయ్. ఆయనకి అలవాటే," అన్నాడు.

ముందు పెద్దమ్మే నవ్వింది. తర్వాత పళ్లెం తిప్పింది. పది గ్లాసులూ ఖాళీ అయ్యాక అన్న లేచి చదివాడు, తెలుగు అక్షరాల్లో రాసుకున్న ఆ అరామిక్ అనే పాత భాష మాటల్ని వేలితో తడుముకుంటూ. ఆ ప్రార్థనలో చావు అన్న మాటే ఉండదు. అంతా దేవుణ్ణి కొనియాడటమే. ఆ రాత్రి పెద్దమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. మర్నాడు మాత్రం నా ఫోన్‌కి ఆ నెల సూర్యాస్తమయాల పట్టిక పంపింది. ఆ తర్వాత ప్రతి నెలా పంపింది.

మొన్న బుధవారం, ఆమె పోయిన మూడో రోజు, ఆమె రూమ్‌లోనే కలిశాం. ఈసారి పొద్దు చూసుకునే వేళ రాశాను. తాళం మా అమ్మ దగ్గర ఉంది. అమ్మ టీ పెట్టి పళ్లెం తిప్పింది. ఒక గ్లాసు మిగిలిపోయింది.

మేం ఎవరం ఆలోచించలేదు. పదోమనిషి ఆమే కదా. ఇంతమందికి ప్రార్థన అమర్చిన మనిషికి ప్రార్థన చదవడానికి మేం తొమ్మిది మందిమే మిగిలాం.

"మీ నాన్న కిందనే ఉన్నాడు గదా, పిలువమ్మాయ్," అన్నాడు బర్కా అన్న.

"పిలిస్తే రాడు తమ్ముడూ," అంది అమ్మ నెమ్మదిగా.

నేను ఫోన్ తీసి మా గ్రూప్‌లో రాశాను. ఎక్కువ మాటలు రాలేదు. వెతకలేదు కూడా.

"కావలసినవాళ్లు: ఒకరు. పని: పెద్దమ్మ కోసం నిలబడటం. ఎంతసేపు: రెండు నిమిషాలు. చోటు: రెండో అంతస్తు."

రూమ్‌లో అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. అందరూ చదువుకున్నారు. ఖురియాత్ అక్క తన రెండేళ్ల బిడ్డను ఒళ్లోకి లాక్కుని గుమ్మం వైపు చూసింది.

తర్వాత నాన్న చెప్పాడు, కింద ఏం జరిగిందో. మెసేజ్ చూసి కదలకుండా కూర్చున్నాడట. సాయిబు మిషన్ ఆపి, "ఏం రాసినారప్పా?" అని అడిగి చదివించుకున్నాడట. "రెండు నిమిషాలంట గదప్పా. పోయి నిలబడు. దారికడ్డంగా పెట్టినావు గదా, ఆ కారు పోలీసోళ్లు ఎత్తుకపోకుండా నేను చూసుకుంటాలే," అన్నాడట.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ మొదలైంది. నాన్న గుమ్మంలో నిలబడి, ఆయాసపడుతూ, "ఎక్కడ నిలబడాలి?" అని అడిగాడు.

బర్కా అన్న పక్కకు జరిగాడు. తన చేతిలోని కాగితాన్ని నాన్న చేతిలో పెట్టి, "నువ్వు చదువు బావా. నేను ఆమెన్ అంటా," అన్నాడు.

నాన్న చదివాడు. మొదట మాటలు తడబడ్డాయి, తర్వాత కుదురుకున్నాయి. ఒకచోట ఆగాడు, చాలాసేపు. ఎవరం అందించలేదు. ఆ ఆగినచోట నాన్న పెద్దమ్మ దగ్గర ఉన్నాడో, మా నాయనమ్మ దగ్గర ఉన్నాడో నేను అడగలేదు, అడగను. మళ్లీ అందుకుని చివరిదాకా చదివాడు. మేం ఆమెన్ అన్నాం.

రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఎవరూ ఇళ్లకు కదల్లేదు. అమ్మ అన్నం వడ్డించింది. నాన్న గోడకు ఆనుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, పందిట్లో చుక్కలు ఎన్ని కనపడాలనే దానిపై బర్కా అన్నతో వాదనలో పడ్డాడు. నేను నీళ్ల కోసం లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను. కింద వీధిలో మా కారు ఉంది. ఇప్పుడే వచ్చేస్తాననుకుని నాన్న ఇండికేటర్లు వేసి వదిలేసిన కారు, ఆరుతూ వెలుగుతూ ఉంది. దాని పక్కన సాయిబు స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చే పోయే బండ్లకు దారి చూపిస్తున్నాడు.